రిలేలో దిగుడు లెగ్ నాకిచ్చారు, నాకు రానిదే దిగడం (విశాఖ)

కుట్టుమిషన్_మాధవధార:

అందరికీ నమస్కారం. మాధవధారలో నాకో టైలరింగ్ షాపు ఉంది. వయసు 44. రెండేళ్ళ కిందట షుగరు బార్డర్‌లో ఉందన్నారని పొద్దున్నే నడక మొదలెట్టాను. తర్వాత మా వీధిలో ఒకమ్మాయి లాక్కెళితే బీచ్ రోడ్డులో పరిగెత్తే ఒక క్లబ్బులో చేరాను. నెమ్మదిగానే పరిగెడతాను. పది కిలోమీటర్లకి గంటా పద్దెనిమిది నిమిషాలు. క్లబ్బులో నా వెనకాల ఉండేది ఒక్క తాతగారే, ఆయన కూడా మోకాలి నొప్పి ఉన్న రోజుల్లోనే.

ఇప్పుడు మా క్లబ్బు వాళ్ళు జనవరి ఆఖరి ఆదివారం భీమిలి వైపు ఒక కొండ మీద ట్రెయిల్ రిలే పెడుతున్నారు, అంటే కొండదారిలో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా పరిగెత్తడం, ఒక్కో వంతుని లెగ్ అంటారు. మొదట కంబాలకొండ అనుకున్నారట గానీ అది అభయారణ్యం, అనుమతుల గొడవ ఎందుకని తెలిసినవాళ్ళ జీడితోటల వైపు మార్చారు. టీముకి నలుగురు, మొత్తం 22 కిలోమీటర్లు. మొదటి లెగ్ సరుగుడు తోపులో ఇసక మీద 5, రెండోది కొండెక్కుడు 6, మూడోది అవతలివైపు దిగుడు 4, నాలుగోది చెరువుగట్టు, పొలాల మీదుగా 7. మా టీములో ఫార్మసీ చదివే అమ్మాయి, ఇంజినీరింగ్ కుర్రాడు, నేను, మా కెప్టెన్ లెక్కల మాష్టారు. మాష్టారు కాగితం మీద ఏవో కూడికలు వేసి మూడో లెగ్ నాకిచ్చారు. "తక్కువ దూరం, పైగా దిగుడే కదమ్మా" అన్నారు.

దిగుడే నా బాధ. ఎక్కడానికి నాకు బెదురు లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ మూడుసార్లు చేశాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆషాఢం ఉక్కలో హనుమంతవాక, అప్పూఘర్, ఎన్‌ఏడీ చుట్టి 32 కిలోమీటర్లు నడిచి, తెల్లారి షాపు తీశాను. మాధవధార నుంచి సింహాచలం కొండకి మెట్లదారి ఉంది కదా, అదీ ఆగకుండా ఎక్కుతాను. దిగేటప్పుడు మాత్రం పక్కనున్న పిట్టగోడ వదల్ను.

కారణం ఉంది. కిందటేడు కైలాసగిరి మెట్లు దిగుతూ జారాను. కుడి అరచేతికి మూడు కుట్లు పడ్డాయి. ఒకళ్ళకి కుట్లు వేసే చేతికి వేరేవాళ్ళు కుట్లు వేస్తున్నారని మావారు అక్కడే జోకొకటి వేశారు. అది శ్రావణమాసం. బ్లౌజులన్నీ పక్క వీధి షాపుకి పోయాయి, ఎనిమిది రోజులు కత్తెర పట్టలేదు. ఆ పోయినవాళ్ళలో ముగ్గురు ఇప్పటికీ తిరిగి రాలేదు. నా చెయ్యే నా షాపు. కింద పడతానన్న భయం నాకు ఉత్తి భయం కాదండీ, అద్దె కట్టే లెక్క.

ఇంకో ఇబ్బంది, ఇది సంక్రాంతి సీజన్. భోగి ముందురోజు దాకా రాత్రి పదకొండు వరకూ మిషన్ మీదే ఉంటాను. నాకు దొరికేది పొద్దున్న అయిదు నుంచి ఆరుంబావు వరకు, ఆదివారం అయితే ఎనిమిది దాకా. చేతిలో అయిదు వారాలున్నాయి.

అడగాల్సినవి: దిగడం నేర్చుకోవచ్చా, లేక అది చిన్నప్పుడే రావాలా? మూడో లెగ్ వాళ్ళు ముందే కొండెక్కి పైన ఎదురుచూడాలట, మరి ఎప్పుడు ఎక్కాలి, ఏం పట్టుకెళ్ళాలి? ఎక్కిన అలుపుతోనే మళ్ళీ పరిగెత్తాలా? పాములుంటాయా? ఇక అసలుది. మా క్లబ్బులో ఏ టీములోనూ లేని కుర్రాడొకడున్నాడు, పది కిలోమీటర్లు 48 నిమిషాల్లో కొట్టేస్తాడు. నేను తప్పుకుని వాడికిచ్చేస్తే మిగతా ముగ్గురికీ మంచిది కదా? మాష్టారిని అడిగితే "చూద్దాంలే" అంటున్నారు. ఆయన చూద్దాంలే అంటే కాదనా అవుననా అన్నది ఆయన స్టూడెంట్లకి కూడా తెలీదట.

—

స్ప్లిట్_టైమర్:

మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. రిలే అంటే టీమ్ టైమ్. 48 నిమిషాల కుర్రాడు ఖాళీగా ఉండగా 78 నిమిషాల వాళ్ళు దిగడమెందుకు? పైగా దిగడం రాదని మీరే అంటున్నారు. మీరు వాలంటీరుగా ఉండండి, నీళ్ళు అందించండి. అదీ టీముకి సాయమే. వచ్చే ఏడు బాగా ప్రాక్టీసు చేసి దిగొచ్చు.

—

సరుగుడుతోపు:

పైన తమ్ముడు చెప్పింది రోడ్డు లెక్క. బీచ్ రోడ్డులో 48 వేరు, గులకరాళ్ళ దిగుడులో 48 వేరు. చదును మీద లేడిలా పోయే కుర్రాళ్ళు దిగుడులో కాలు మడతపెట్టుకుని చెట్టు కింద కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

చెల్లెమ్మా, నేను డాక్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇలాంటి కొండ రిలేల్లో నాలుగుసార్లు దిగాను. ఒకసారి మా టీముని ముంచింది నేనే, అది ముందు చెప్తాను. నాది మూడో లెగ్. మావాడు 8:10కి వస్తాడని లెక్కేసుకుని, ఎండగా ఉందని మామిడిచెట్టు కింద బూట్లు విప్పి నడుం వాల్చాను. వాడు 7:58కే వచ్చేశాడు. రిలే కర్రకి బదులు ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకునే తువ్వాలు చేత్తో పట్టుకుని నా పేరు పెట్టి అరుస్తుంటే ఎవరో మైకులో పిలుస్తున్నారనుకున్నాను. నేను లేచి, బూట్లు దొరికి, లేసులు కట్టి, పరిగెత్తేసరికి నాలుగు నిమిషాలు. అంతకుముందు గంటన్నర సేపు ఇద్దరు ప్రాణాలు పెట్టి పరిగెత్తి సంపాదించింది రెండు నిమిషాల లీడు. వాడు నాతో రెండు వారాలు మాట్లాడలేదు, అదీ ఒకే షిఫ్టులో పక్కపక్క బెంచీల మీద పనిచేస్తూ.

అందుకని ముందు నీ ఎదురుచూపు లెక్క చెప్తాను. కొండ దారిలో ఒక లెక్క వాడతారు. వంద మీటర్ల ఎత్తు ఎక్కడమంటే చదును మీద ఒక కిలోమీటరు ఎక్కువ పరిగెత్తినట్టు. మీ రెండో లెగ్ 6 కిలోమీటర్లు అన్నావు, ఎత్తెంతో మాష్టారిని అడుగు. ఉదాహరణకి 220 మీటర్లు అనుకుందాం. అప్పుడది 8.2 కిలోమీటర్ల కష్టం. ఆ కుర్రాడు కొండ మీద కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు పోతాడనుకుంటే సుమారు 53 నిమిషాలు. మొదటి అమ్మాయి ఇసక మీద కిలోమీటరుకి ఏడు నిమిషాలంటే 35. ఆరింటికి మొదలైతే 7:28కి నీ దగ్గరికి రావాలి. ఇది కాగితం మాట. రేసు రోజున జనం కాగితం కన్నా వేగంగానే ఉంటారు. 88 నిమిషాల్లో పదో వంతు తీసెయ్యి, 7:19. ఇంకో అయిదు నిమిషాలు నా పాపానికి తీసెయ్యి. 7:14 నుంచి నువ్వు లేసులు కట్టుకుని గీత దగ్గర నిలబడే ఉండాలి. కూర్చోకూడదు, ఫోను చూడకూడదు.

అంటే ఏడింటికల్లా పైన ఉండాలి. పైకి దగ్గరి దారి ఉంటే ఆరుంబావుకి ఎక్కడం మొదలెట్టు, నడక, పూర్తిగా నడకే, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. అలా ఎక్కితే అలుపు కాదు, ఒళ్ళు వేడెక్కడం అవుద్ది, నీకు వేరే వార్మప్ అక్కర్లేదు. పైన గాలికి చెమట ఆరి చలేస్తుంది, పాత చొక్కా ఒకటి తొడుక్కో. దిగేముందు వాలంటీరు చేతిలో పెట్టేసెయ్యి. అది తిరిగి రాకపోయినా బాధపడని చొక్కా అయ్యుండాలి.

ఇక దిగడం. చిన్నప్పుడే రావాలనేం లేదు, నాకు 55లో వచ్చింది. భయంలో మనం చేసేది ఒకటే: వెనక్కి వాలి, మడమ గుచ్చి, బ్రేకు వేస్తాం. బరువు వెనక ఉంటే గులకరాయి మీద కాలు ముందుకి జారుతుంది, మనం వెనక్కి పడతాం, చెయ్యి నేలకి ఆనిస్తాం. నీ మూడు కుట్లూ అలాగే పడుంటాయి. నువ్వు టైలరువి గనక నీ భాషలో చెప్తా, పొడుగు కుట్టు వెయ్యకు, చిన్న కుట్టు వెయ్యి. అడుగు చిన్నది, గబగబా, నీ కాలు నీ కిందే పడాలి తప్ప ముందుకి చాచకూడదు. మోకాళ్ళు కొంచెం వంగే ఉండాలి. చూపు బూటు మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు. మిషన్ మీద గుడ్డ నడిపేటప్పుడు సూదినే చూస్తూ కూర్చుంటావా, అంచు ఎటు పోతోందో చూస్తావు కదా. చేతులు పక్కలకి వదిలెయ్యి, కోడిపెట్ట రెక్కల్లాగా, ఎవరు నవ్వినా సరే.

ప్రాక్టీసుకి మాధవధార మెట్లు మంచివే గానీ అవొక్కటే చాలవు. మెట్టు మెట్టుకీ ఎత్తు ఇంచుమించు ఒకటే, పాదం దానికి అలవాటు పడిపోతుంది. కొండ దారి ఏ అడుగూ ముందు అడుగులా ఉండదు. వారంలో రెండు రోజులు మెట్లు, ఆదివారం ఎక్కడైనా మట్టి వాలు. వంద మీటర్ల వాలు చాలు, నడుచుకుంటూ ఎక్కు, పరిగెత్తుతూ దిగు, ఎనిమిది సార్లు. ఎర్రమట్టి దిబ్బల మీదకి మాత్రం పోవద్దు. దగ్గరే కదా, మెత్తగా ఉంటుంది కదా అని కొందరు వెళ్తున్నారు. అది కాపాడుకోవాల్సిన జియో హెరిటేజ్ స్థలం, మన అడుగులకే గట్లు రాలిపోతాయి.

మొదటి ఆదివారం దిగాక సోమవారం బానే ఉంటావు. మంగళవారం బాత్రూంలో కూర్చుని లేవలేవు. కంగారుపడకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, ఆ నొప్పి ఒకటి రెండు రోజులాగి వస్తుంది. రెండోసారికి సగం ఉంటుంది, మూడోసారికి మర్చిపోతావు. అందుకే ఇప్పుడే మొదలెట్టాలి. రేసుకి పది రోజుల ముందు గట్టి దిగుడు ఆపెయ్యి.

కొత్త బూట్లు కొనాలంటే ఇప్పుడే కొను, రేసు వారంలో కాదు. కాలిగోళ్ళు రెండు రోజుల ముందు కత్తిరించుకో, దిగుడులో వేలు బూటు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. బూటుకి చీలమండ దగ్గర ఒక చిల్లు ఎక్కువుంటుంది చూడు, ఎవరూ వాడరు. లేసు దాన్లోంచి తిప్పి బిగిస్తే మడమ కదలదు.

చేతికి సగం వేళ్ళ గ్లౌజులు వేసుకో. సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. ఎవరైనా ఏమిటని అడిగితే మీ షాపు అద్దె చూపించు.

తప్పుకోవాలా అన్నావు. ఆ మాట మాష్టారు చెప్పాలి, నువ్వు కాదు.

—

నైట్‌డ్యూటీ_అక్క:

నర్సుని. డ్యూటీ దిగి ఆటోలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

షుగరు బార్డర్ అన్నారు, మాత్ర ఏదైనా వేసుకుంటున్నారా? ఏమీ లేకపోయినా, మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయినా పరుగులో షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటిది ఉంటే పడిపోవచ్చు, అప్పుడు రేసు పొద్దున్న డోసు గురించి మీ డాక్టర్నే అడగండి, ఇక్కడ కాదు. ఎలాగైనా ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. అయిదింటికి రెండు ఇడ్లీ, పైన ఎదురుచూసేటప్పుడు ఒక అరటిపండు.

నాలుగు కిలోమీటర్ల పరుగుకి నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, ఎక్కడానికీ నిలబడ్డానికీ కావాలి. అర లీటరు చాలు. ఓఆర్‌ఎస్ కలుపుకుంటే ప్యాకెట్టు మీద ఉన్నట్టు లీటరు నీళ్ళకి ఒక ప్యాకెట్టు. గ్లాసులో సగం ప్యాకెట్టు ఒంపి తాగేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది నాకు.

పాములు ఉంటాయి, కొండ కదా. జనవరి పొద్దున్న చలికి అవీ ఎండ కోసం దారి మీదకి రావచ్చు. కనపడని చోట చెయ్యి, కాలు పెట్టకండి, బండ ఎక్కి అవతలివైపు గెంతకండి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చెయ్యొద్దు. కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్. మీ క్లబ్బు వాళ్ళని ఒకటి అడగండి, కొండ పైన సిగ్నల్ ఉందా, లేకపోతే కిందకి కబురు ఎలా వస్తుంది అని. దానికి జవాబు లేకపోతే వాళ్ళకే ఇంకా ప్రాక్టీసు కావాలి.

మీ చేతి దెబ్బకి అప్పుడు టీటీ వేసుంటారు, చీటీ ఉంటే చూసుకోండి.

—

కుట్టుమిషన్_మాధవధార:

అందరికీ పేరుపేరునా థాంక్స్, స్ప్లిట్_టైమర్ గారికి కూడా. మాత్రలేం లేవు అక్కా, తిండి తగ్గించడమే. సిగ్నల్ సంగతి అడిగాను. లేదట. రెండు చోట్ల వాకీటాకీ పెడతామన్నారు, అడిగాకే పెడతామన్నారు.

మాష్టారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు అడిగేశాను. ఆయన కూడిక చూపించారు. ఆ 48 నిమిషాల కుర్రాడిని ఒకసారి కొండకి తీసుకెళ్ళారట, దిగుడులో ఆపుకోలేక చెట్లు పట్టుకుని ఆగాడట. "నువ్వు నెమ్మదిగా వస్తావు గానీ వస్తావు. రాకపోతే నాలుగో లెగ్ నేనెవరి కోసం నిలబడను?" అన్నారు. పొగిడారో తిట్టారో తెలీలేదు, ఇంటికొచ్చి రెండు పూటలా ఆలోచించాను.

మొన్న ఆదివారం వాలు ప్రాక్టీసు మొదలెట్టాను. చిన్న కుట్టు, చిన్న కుట్టు అని పైకే అనుకుంటూ దిగుతుంటే గేదెల్ని తోలుకెళ్ళే ముసలాయన ఆగి మరీ చూశాడు. మొదటి మూడుసార్లు మడమే గుచ్చాను. నాలుగోసారి ఏమైందో, కాళ్ళు వాటంతటవే టకటకా పడ్డాయి, మోటారు మిషన్ పెడల్ నొక్కినట్టు. ఎక్కడ ఆపాలో తెలీక అలాగే కిందదాకా పోయాను. చెప్పినట్టే మంగళవారం మా అత్తగారు చెయ్యిచ్చి లేపారు. "పండగ ముందు కొండలెక్కడమేంటే, ఇదేం మొక్కు" అన్నారు. మొక్కే అని చెప్పేశాను, తేలిగ్గా పోయింది.

ఇంకో పని తగిలింది. రిలేలో అందించుకునే తువ్వాలు భుజం మీంచి జారిపోతోందని, పట్టీలాంటిది కుట్టమని మాష్టారు నాకే అప్పగించారు. టైలరుండగా బయట డబ్బులెందుకన్నారు. కూలి సంగతి ఎత్తలేదు. కొలతెంత పెట్టాలి? కుర్రాడు వెదురుబద్ద, మాష్టారు ధాన్యం బస్తా.

—

సరుగుడుతోపు:

దీనికి కొలత ఉంది చెల్లెమ్మా. జపాన్‌లో ఎకిడెన్ అని రిలే పరుగులు ఆడతారు, పెద్ద పిచ్చి వాళ్ళకి. 1917లో క్యోటో నుంచి టోక్యో దాకా మొదటిది పరిగెత్తారు, మూడు రోజులు. కర్ర ఉండదు, తసుకి అనే గుడ్డపట్టీ ఒకళ్ళ ఒంటి మీద నుంచి ఒకళ్ళకి పోతుంది. ఒక భుజం మీంచి రెండో చంక కిందికి జంధ్యంలా వేసుకోవాలి. వెడల్పు 6 సెంటీమీటర్లు, పొడుగు 1.6 నుంచి 1.8 మీటర్లు. పరిగెత్తేటప్పుడు కొసని నిక్కరు నడుంలో దోపుకుంటారు, ఊగకుండా. ఇచ్చేవాళ్ళు గీతకి ముందే తీసి చేత్తో సాగదీసి పట్టుకోవాలి, తీసుకునేవాళ్ళు పరుగు మొదలెట్టి దారిలో వేసుకోవాలి. ఇది పదిసార్లు ఇంటి ముందు ప్రాక్టీసు చెయ్యండి నలుగురూ. మనవాళ్ళు మాత్రం గీత దగ్గర ఆగి, ఒకరి మెడలో ఒకరు దండ వేసినట్టు వేస్తారు. పెళ్ళి కాదు కదా.

—

కుట్టుమిషన్_మాధవధార:

అయిపోయిందండీ. నిన్ననే. కాళ్ళు చాపుకుని షాపులో కూర్చుని రాస్తున్నాను, గిరాకీ కూడా లేదు.

ఆరుంబావుకి దగ్గరి దారిన ఎక్కడం మొదలెట్టాను, 6:50కి పైనున్నాను. మా ఆయన పాత చెక్స్ చొక్కా తొడుక్కుని అరటిపండు తిన్నాను. సముద్రం మీద ఎండ పడి భీమిలి వైపు అంతా తెల్లగా మెరుస్తోంది. చూస్తూ నిలబడాలనిపించింది, మీ మామిడిచెట్టు గుర్తొచ్చి గీత దగ్గరికి పోయాను. 7:10 నుంచి నిలబడే ఉన్నాను. పక్క టీమావిడ బండ మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటోంది. 7:16కి మా కుర్రాడు ఈతపొదల వెనక నుంచి వచ్చాడు, లెక్క కన్నా పన్నెండు నిమిషాలు ముందు! మొహం ఎర్రగా కమిలిపోయింది, మాట లేదు, పట్టీ ముందుకి చాచాడు. తడిసి ముద్దయి బరువుగా, వేడిగా ఉంది. ఆ వేడి నాకు ఇప్పటికీ చేతిలో ఉన్నట్టుంది. చొక్కా వాలంటీరుకి ఇవ్వడం మర్చిపోయి దాంతోనే దిగాను.

మొదటి కిలోమీటరు బాగా వచ్చింది. చిన్న కుట్టు. గ్లౌజులున్నాయన్న ధైర్యమో ఏమో, చేతులు నిజంగానే కోడిరెక్కల్లా పోయాయి. ఇద్దర్ని దాటాను. నేను! ఒకాయనైతే నా వెనకాల "అమ్మో" అన్నాడు. తర్వాత వానలకి కోసుకుపోయిన గండి ఒకటి వచ్చింది, రెండు నిలువుల లోతు, రాళ్ళన్నీ వదులు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఒక్క క్షణం చూసి కూర్చుండిపోయి జారాను. పిల్లలు జారుడుబండ జారినట్టే. ప్యాంటు వెనక చిరిగింది. చొక్కా పొడుగ్గా ఉండబట్టి పరువు నిలిచింది, వాలంటీరుకి ఇవ్వకపోవడం మంచిదైంది.

జీడితోటలోకి వచ్చాక దారి తప్పాను. కొమ్మలకి కట్టిన రిబ్బన్లు చూసుకుంటూ రమ్మన్నారు, నేల మీద సున్నం గీతలన్నారు. రెండు దారులు చీలే దగ్గర రిబ్బన్లూ లేవు, గీతా లేదు. ఎడమకి పోయాను. రెండొందల మీటర్లు పోయాక మేకల మంద, కాపరి. "అమ్మా, పరుగోళ్ళు అటేపు ఎల్తన్నారు, ఇటు కాదు" అన్నాడు. ఒక మేక నోట్లోంచి పసుపు రిబ్బను వేలాడుతోంది. గీత వాటి గిట్టలకే చెరిగిపోయిందనుకుంటా. ఆయనకి దణ్ణం పెట్టి వెనక్కి పరిగెత్తాను. దాటిన ఇద్దరూ నన్ను మళ్ళీ దాటేశారు.

మొత్తం 34 నిమిషాలు పట్టింది. 7:50కి చెరువుగట్టు దగ్గర మాష్టారు గీత మీద నిలబడి ఉన్నారు, కూర్చుని కాదు. పట్టీ ముందే తీసి సాగదీసి పట్టుకున్నాను, మీరన్నట్టే. ఆయనా పరుగు మొదలెట్టే అందుకున్నారు. అంతా బాగుందనుకునేలోపు తప్పు నాదే బయటపడింది. అందరికీ సరిపోవాలని పట్టీకి ఒకచోట నాడా పెట్టి ముడి వేశాను. ముగ్గురి చెమటకి ముడి బిగుసుకుపోయింది. కుర్రాడి కొలతకి ఉన్నది మాష్టారి పొట్ట దగ్గర ఆగిపోయింది, కిందకి రాదు, పైకి పోదు. ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టుకుని ఏడు కిలోమీటర్లు పరిగెత్తారు పాపం. చెరువు దాటేదాకా ఆయన తిట్లు గట్టు మీదకి వినిపిస్తూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో కొలత తప్పానని అనిపించుకున్నది నిన్ననే.

2 గంటల 42 నిమిషాలు. పద్నాలుగు టీముల్లో తొమ్మిదో స్థానం. ఫోటోలు తీసుకుంటున్న ఆవిడ టీము మా తర్వాత వచ్చింది, ఎందుకో నేను చెప్పక్కర్లేదు. పడలేదు. చెయ్యి బానే ఉంది. ఇవాళ రెండు బ్లౌజులు కటింగ్ చేశాను.

పట్టీ ఉతికి ఆరేశాను. ఎర్రరంగు దిగి మావారి బనీను గులాబీ అయింది. వచ్చే ఏడాదికి నాడా తీసేసి స్కూలు బ్యాగులకి ఉండే ప్లాస్టిక్ బకిల్ పెడదామనుకుంటున్నాను, లాగితే పొడుగయ్యేది. ఒకటీ రెండూ విడిగా ఎక్కడ దొరుకుతాయి? నేను కొనే చోట గ్రోసు లెక్కనే అమ్ముతామంటున్నారు, 144 బకిల్స్ నేనేం చేసుకోను?

—

సరుగుడుతోపు:

పాత బ్యాగులు బాగుచేసేవాళ్ళ దగ్గర అడుగు, పాడైన బ్యాగులవి విప్పి డబ్బాలో వేసి ఉంచుతారు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు నేను కూడా చూస్తాను. అంగుళం బకిల్ సరిపోదు, నీ పట్టీకి దాదాపు రెండున్నర అంగుళాలది కావాలి. లేదా బకిల్ దగ్గర పట్టీని సన్నం చేసి కుట్టాలి, ఆ సంగతి నాకన్నా నీకే తెలుసు.

మాష్టారికి చెప్పు, ఏడు కిలోమీటర్లు ఒంటిచేత్తో 52 నిమిషాలంటే మాటలు కాదని.

—

స్ప్లిట్_టైమర్:

ఆ దిగుడు లెగ్ మ్యాప్ ఉంటే పెట్టగలరా? గండి ఎక్కడుందో గుర్తు పెడితే ఇంకా మంచిది. వచ్చే ఏడు మా టీములో అది నాకే పడేలా ఉంది.